గరిక చెడకుండా కలుపు తీయడం: ఒక పచ్చిక, నాలుగు రకాల కలుపు

ఇంటి ముందు సుమారు 200 చదరపు మీటర్ల మేర సన్నాకు గరికతో వేసిన పచ్చిక అది. నన్ను పిలిచేనాటికి అందులో మూడో వంతు దాకా కలుపు పరుచుకుని ఉంది. అంతకంటే బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, కలుపు అంతగా లేని చోట కూడా అక్కడక్కడా చాపంత వెడల్పున గరిక మాడిపోయి మట్టి బయటపడింది. ఇంటివారిని అడిగితే జరిగింది వివరంగా చెప్పారు. మొదట పనివారితో పారలు పట్టించి తుంగ తవ్వించారు. అది మళ్లీ మొలిచింది. తర్వాత ఎవరో చెప్పగా ఉప్పునీళ్లు పోశారు. చివరికి ఒకరు గ్లైఫోసేట్ అనే కలుపు మందు తెచ్చి కలుపు కనిపించిన చోటల్లా పిచికారి చేశారు. గ్లైఫోసేట్‌కు కలుపు మొక్క, గరిక అనే తేడా లేదు. పచ్చని ఆకు ఏది తగిలినా దానిలోంచి వేరు దాకా దిగుతుంది. ఆకులు వెడల్పయినా సన్నవైనా అన్నీ చచ్చాయి, నెల తిరిగేసరికి ఖాళీ అయిన ఆ మట్టిలో మొదట లేచింది కలుపే.

వారు నన్ను కోరింది ఒక్కటే: కలుపు పోవాలి, ఉన్న గడ్డి మాత్రం ఇంకెక్కడా చావకూడదు. ఇది కోరదగిన కోరికే, సాధ్యమయ్యేదే. అయితే దానికి ఒకే మందు, ఒకే పద్ధతి ఉండవు. పచ్చికలోని ప్రతి కలుపూ నేల కింద ఒక్కో రకంగా బతుకుతుంది. దాన్ని తీసే తీరు ఆ నేల కింది బతుకును బట్టి ఉండాలి గాని, పైకి కనిపించే ఆకును బట్టి కాదు. ఈ కేసులో నేను చేసిన ప్రతి పనికీ ఆధారం అదే కాబట్టి, ఏ కలుపును ఎలా గుర్తించానో, ఎందుకు ఆ పద్ధతినే ఎంచుకున్నానో కాస్త విడమరచి రాస్తాను.

ముందుగా చూసినవి

పని మొదలుపెట్టే ముందు పచ్చిక చుట్టూ మేకులు పాతి, పురికొస కట్టి, గడులుగా విభజించాను. ఏ గడిలో ఏ కలుపు ఎక్కువగా ఉందో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. దీనికి పట్టే సమయం తక్కువ, దక్కే సమాచారం ఎక్కువ. పచ్చికను నిలబడి చూస్తే అంతటా కలుపే ఉన్నట్టు అనిపిస్తుంది. గడులుగా చూస్తే ఏ కలుపు ఎక్కడ గుమిగూడిందో, ఎక్కడ అసలు లేదో తెలుస్తుంది.

ఇక్కడ తుంగ దాదాపు అంతా రెండు చోట్ల చేరి ఉంది. ఒకటి స్ప్రింక్లర్ పైపు జాయింట్ ఉన్న మూల; అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉంది, పైపు తవ్వి చూస్తే జాయింట్ దగ్గర నీరు చెమ్మగిల్లుతూ కనిపించింది. రెండోది, గతంలో పల్లం ఎత్తు చేయడానికి బయటి మట్టి తెచ్చి పోసిన పట్టీ. ఆ మట్టితో పాటే తుంగగడ్డలు వచ్చాయని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు, తుంగ ఆ మట్టి హద్దు దగ్గరే గీత గీసినట్టు ఆగిపోయింది. పులిచింత నీడ పడే గోడ వారగా, గడ్డి పలచబడిన చోట ఉంది. నడక దారి అంచున, కాళ్ల తొక్కిడికి నేల గట్టిపడిన మేర తిప్పరాగి గుబురు కట్టింది. గడ్డిచామంతి ఎండ బాగా పడే చోట అక్కడక్కడా ఉంది.

స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని నేలలో గుచ్చి చూడడం నాకు అలవాటు. తడి ఆరని చోట కూడా అది వేలెడు లోతు దిగకపోతే ఆ నేల బిగుసుకుపోయిందని అర్థం. నడక దారి వెంట అలాగే ఉంది. అక్కడ తిప్పరాగి పెరగడానికి, గరిక వెనకబడడానికి కారణం అదే. ఆ గట్టి నేలలో గరిక వేరు ముందుకు సాగదు, తిప్పరాగి వేరు సాగుతుంది.

తుంగ

ఈ కేసులో ఎక్కువ కాలం పట్టింది తుంగతోనే. పచ్చికలో గరిక కంటే తుంగ వేగంగా పెరుగుతుంది కాబట్టి, కోత కోసిన రెండు మూడు రోజులకే లేత ఆకుపచ్చ రంగులో తల పైకెత్తి కనిపిస్తుంది. గడ్డి అని పొరబడే అవకాశం ఉన్నా, పూత కాడను రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే అనుమానం తీరిపోతుంది: గడ్డి కాడ గుండ్రంగా తిరుగుతుంది, తుంగ కాడకు మూడు అంచులు వేలికి తగులుతాయి. ఆకులు కూడా మూడు వరుసలుగానే వస్తాయి.

ఇంటివారికి నేల లోపల ఏముందో కళ్లారా చూపించడం అవసరమనిపించింది. మట్టి పోసిన పట్టీలో ఒక మొక్క చుట్టూ జానెడు వెడల్పున మట్టిని పెకలించి, పళ్లెంలో పెట్టి, నీళ్లతో నెమ్మదిగా కడిగాను. మట్టి కరిగేకొద్దీ సన్నని నల్లటి తీగ ఒకటి బయటపడింది, దానికి పూసలు గుచ్చినట్టు ఒకదాని వెంట ఒకటి గోధుమరంగు గడ్డలు. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల తెల్లగా, గట్టిగా, ఘాటైన వాసనతో ఉంది. పైకి ఒక్క మొక్కే కనిపిస్తున్నా, కింద అన్ని గడ్డలు మొలకెత్తకుండా నిద్రలో ఉన్నాయి.

పారతో తవ్విన చోటే తుంగ రెట్టింపు ఎందుకయిందో ఆ పళ్లెం చూస్తే అర్థమవుతుంది. తీగ తెగకుండా ఉన్నంత కాలం ముందు మొలిచిన గడ్డ, దాని వెనకనున్న గడ్డలను మొలవనివ్వదు. పార పడి తీగ ముక్కలయితే ఆ అదుపు పోతుంది, ఒక్కో ముక్క మీదున్న గడ్డ విడిగా మొలుస్తుంది. గడ్డల్లో ఎక్కువ భాగం పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి కాబట్టి వాటన్నిటినీ తవ్వి తీయవచ్చని అనిపిస్తుంది గాని, నిలబడి ఉన్న గరిక మధ్యలో అలా తవ్వడమంటే పచ్చికను పెళ్లగించడమే.

చేత్తో తీయడానికి మాత్రం ఒక లెక్క ఉంది. గడ్డ మొదటి మొలకను పైకి పంపడానికి తనలో నిల్వ ఉన్న శక్తిలో సుమారు 60 శాతం ఖర్చు పెడుతుంది, రెండో మొలకకు మరో 20 శాతం. మొక్కకు అయిదారు ఆకులు వచ్చేదాకా అది గడ్డ మీద ఆధారపడి బతుకుతుంది, ఆ తర్వాత కొత్త గడ్డలకు తిండి పంపడం మొదలుపెడుతుంది. అంటే ఆ దశ రాకముందే, ఎండాకాలంలో అయితే రెండు మూడు వారాలకొకసారి, వరుసగా తీస్తూ పోతే గడ్డ ఎండిపోతుంది. మధ్యలో ఒక విడత వదిలేస్తే గడ్డ మళ్లీ నిండుతుంది. పూల మడి పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర, మందు కొట్టకూడని చోట ఈ పద్ధతినే ఎంచుకుని, వారం వారం ఆ అంచు చూసే బాధ్యతను తోటపని చేసే అమ్మాయికి అప్పగించాను. ఆమె సన్నని పొడవాటి తొలికను మొక్క పక్కనే నిటారుగా దింపి, కొద్దిగా వదులు చేసి, కాడను మొదట్లో పట్టుకుని నిదానంగా పైకి లాగేది. గరిక కాడలు తెగకుండా తుంగ ఒక్కటే రావడానికి అంత నిదానం కావాలి.

తుంగ చిక్కగా ఉన్న రెండు చోట్లా హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ వాడాను. తుంగ జాతిని చంపి గరికను వదిలే మందుల్లో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. ఇది ఆకు ద్వారా లోపలికి వెళ్లి గడ్డ దాకా దిగుతుంది, మొక్క ఎదుగుదలకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాల తయారీని ఆపేస్తుంది. గరిక ఆ మందును తనలోనే విరిచేసుకోగలదు కాబట్టి సరైన మోతాదులో దానికి హాని జరగదు. అసలు మాట ఆ సరైన మోతాదే. 75 శాతం గుళికల రూపంలో దొరికే మందు హెక్టారుకు సుమారు 90 గ్రాములు, అంటే 100 చదరపు మీటర్లకు ఒక గ్రాము కూడా పట్టదు. చెంచాతో, మూతతో కొలిచే మందు కాదిది. గ్రాములో పదో వంతు చూపించే తూకం కావాలి. మందు కంటే ముందు నీళ్లను కొలవాలి: స్ప్రేయర్‌లో ఉత్త నీళ్లు నింపి, 10 చదరపు మీటర్ల గచ్చు మీద మామూలు నడకతో కొట్టి, ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో చూసుకుంటే, ఎంత మేరకు ఎంత మందు కలపాలో కచ్చితంగా తేలుతుంది. ఈ కొలత లేకుండా కొట్టిన మందే చాలా పచ్చికలను పాడు చేస్తుంది.

ముందు ఒక మూల ఒక చదరపు మీటరు మేర మాత్రమే కొట్టి, రెండు వారాలు ఆగి గరిక రంగు చూశాను. మార్పు లేదని నమ్మకం కుదిరాకే మిగతా చోట కొట్టాను. ఆకుకు అంటుకోవడానికి లేబుల్‌లో చెప్పిన తడిపే ద్రావణాన్ని కలిపాను. తుంగ ఆకు మైనం పూసినట్టు నునుపుగా ఉంటుంది, అది కలపకపోతే చుక్కలు జారిపోతాయి. కొట్టడానికి రెండు రోజుల ముందు నుంచి, కొట్టాక రెండు రోజుల దాకా పచ్చిక కోయవద్దని చెప్పాను, మందు పట్టడానికి ఆకు ఉండాలి కదా. ఫ్యాన్ నాజిల్‌ను మోకాలి ఎత్తు కంటే కిందే పట్టుకుని, గాలి లేని ఉదయం వేళ, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు వేసుకుని పని ముగించాను.

ఈ మందుతో ఓపిక పట్టడం కష్టం. మొదటి వారం ఏ మార్పూ కనిపించదు. రెండో వారానికి నడిమి ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది, పూర్తిగా ఎండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో ఇంటి పెద్దాయన పసుపుపచ్చగా మారిన మొక్కలను పీకేద్దామన్నారు. పీకితే మందు గడ్డకు చేరే దారి తెగుతుందని చెప్పి, పూర్తిగా ఎండి గోధుమరంగుకు వచ్చేదాకా ఆగమని బతిమాలాను. నిద్రలో ఉన్న గడ్డలకు మొదటి విడత మందు చేరదు కాబట్టి, అవి మొలిచాక, ఆరు వారాలు దాటిన తర్వాత, మొలిచిన చోట్ల మాత్రమే మరో విడత కొట్టాను. పైపు జాయింట్ బాగు చేయించకుండా ఇదంతా చేసి ఉంటే తడి నేలలో తుంగ మళ్లీ పుంజుకునేది, అందుకే మందు కంటే ముందు ప్లంబర్‌ను పిలిపించాను.

పులిచింత

పులిచింత ఆకును చూసి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మూడు హృదయాకారపు రేకులు, చిన్న పసుపు పువ్వు, నేలకు అంటుకుని పాకే సన్నని కాడ. కాని పండిన కాయను వేలితో తాకితే చిటుక్కున పగిలి గింజలు మీటరు దూరం దాటి ఎగురుతాయి, ఆ గింజలు జిగటగా ఉండి చెప్పులకు, కోత యంత్రం చక్రాలకు అంటుకుని పచ్చికంతా తిరుగుతాయి. కాడ నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. కాబట్టి కాయలు ముదరకముందే తీయాలి, తీసేటప్పుడు నడిమి వేరుతో పాటు కణుపు వేళ్లన్నీ రావాలి.

దీనికి మందు వాడకూడదని ముందే నిర్ణయించుకున్నాను. వెడల్పాటి ఆకుల కలుపుకు కొట్టే 2,4-డి అనే మందు ఒక్కటే పులిచింత మీద అంతగా పనిచేయదు. పనిచేసే ట్రైక్లోపిర్ అనే మందు గరికకే హాని చేస్తుంది. ఉన్నది గోడ వారగా, చిన్న మేరలో. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టించి, మరునాడు నేల మెత్తగా, చేతికి బురద అంటని పదునులో ఉండగా కూర్చుని తీశాము. ఒక కాడ చివర పట్టుకుని లాగితే తెగుతుంది; కాడ వెంట వెనక్కి వెతుక్కుంటూ మొదటి వేరు దగ్గరికి వెళ్లి, అక్కడ తొలిక దించి, ఆ తర్వాత కాడలను చుట్ట చుట్టినట్టు చేరదీసుకుంటూ రావాలి. కాయలున్న మొక్కలను పీకేముందు వాటి మీద తడి గుడ్డ కప్పి, దానితో సహా సంచిలో వేశాము. తీసిన మొక్కలను అక్కడే ఎండబెడితే కాయలు ఎండలో పగిలి మళ్లీ గింజలు రాలతాయి.

గడ్డిచామంతి

ఇది సులువుగా లొంగింది. వెడల్పాటి ఆకుల కలుపు కావడం వల్ల 2,4-డి అమైన్ లవణంతో పోతుంది. 1940ల నుంచి వాడుకలో ఉన్న ఈ మందు మొక్కలోని ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోనును అనుకరించి, ఆకులు మెలికలు తిరిగేలా అదుపు తప్పిన ఎదుగుదలను కలిగించి చంపుతుంది. గడ్డి జాతి మొక్కలు దాన్ని తట్టుకుంటాయి. అయినా పచ్చికంతా కొట్టవలసిన పని లేదు. మొక్కలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఒక్కో మొక్క మీద ఒక్కో చిమ్ముతో సరిపెట్టాను. గులాబీలు, ద్రాక్ష తీగ ఉన్న పక్కకు మాత్రం వెళ్లలేదు, అక్కడ చేత్తోనే తీయించాను. ఆ మొక్కలు ఈ మందు గాలికి కూడా ముడుచుకుపోతాయి. ఈస్టర్ రూపంలో ఉన్న 2,4-డి ఎండ వేడికి ఆవిరై పక్క మొక్కల మీద పడే అవకాశం ఎక్కువ, అందుకే ఇళ్ల పచ్చికల్లో నేను అమైన్ రూపాన్నే వాడతాను. దీన్ని కొట్టిన స్ప్రేయర్‌ను పూల మొక్కలకు ఎన్నడూ వాడవద్దని దాని మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

తిప్పరాగి

గడ్డిలో గడ్డి కలుపు అన్నిటికంటే చిక్కయినది. గరికను వదిలి తిప్పరాగిని మాత్రమే చంపే మందు కోసం వెతకడం కన్నా, దాని స్వభావాన్ని చూసి పని చేయడం మేలు. మొదలు దగ్గర కాడలు చదునుగా, తెల్లగా, చక్రం కమ్మీల్లా నేలకు పరుచుకుని ఉంటాయి. ఏడాది మొక్క కాబట్టి గింజ పడకుండా ఆపితే దాని వంశం ఆగుతుంది. వేళ్లు మాత్రం పిడికెడు కుచ్చుగా, చాలా గట్టిగా ఉంటాయి. పొడి నేలలో లాగితే చుట్టూ గరికను కూడా లేపుకుని వస్తాయి.

నేల తడిపాక, సన్నని కత్తిని గుబురు చుట్టూ గుండ్రంగా దించి, వేళ్లను పక్క గరిక కాడల నుంచి విడదీసి, ఆ తర్వాత పైకి లేపించాను. నడక దారి రాళ్ల సందుల్లో కత్తి దించలేని చోట మరో మార్గం ఎంచుకున్నాను. పచ్చికను కొంత కురచగా కోసి నాలుగైదు రోజులు వదిలితే తిప్పరాగి ఆకులు గరిక కంటే పైకి లేస్తాయి. అప్పుడు చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, చిన్న బ్రష్‌ను గ్లైఫోసేట్‌లో ముంచి, కారకుండా అంచుకు తుడిచి, పైకి లేచిన ఆ ఆకుల మీద మాత్రమే రాయాలి. చేటు చేసిన మందు ఇదే, కాని బ్రష్ మీద ఉన్నప్పుడు అది రాసిన మొక్క దాటి వెళ్లదు. గరిక ఆకుకు తగిలితే వెంటనే ఆ ఆకును కత్తిరించేయాలి.

ఖాళీలు, గరిక బలం

తీసిన చోట మట్టి తెరిచి ఉంటే గింజలు వెలుతురు చూసి మొలుస్తాయి. కాబట్టి తిప్పరాగి గుంతలు ఏ రోజువి ఆ రోజే నింపించాను. పచ్చికలో కలుపు లేని మూల నుంచి పిడికెడు గడ్డి దిమ్మలు కోసి, గుంతలో అదిమి, జల్లించిన ఇసుక చల్లి, కాలితో మెత్తగా నొక్కాం. ఉప్పు పడ్డ చోట్ల ఇది కుదరలేదు. అక్కడ మొదట నీళ్లు నిండుగా పెట్టి ఉప్పును కిందికి దింపి, కొంతకాలం ఆగి, పై మట్టి మార్చిన తర్వాతే దిమ్మలు పెట్టగలిగాం. కలుపుకు ఉప్పు పోయవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే, అది కలుపును చంపిన చోటే గడ్డిని కూడా చాలాకాలం మొలవనివ్వదు. వెనిగర్, వేడినీళ్లు ఆకును మాడుస్తాయి గాని తుంగగడ్డను తాకవు, గరిక ఆకును మాత్రం తప్పకుండా తాకుతాయి.

గట్టిపడిన నడక దారి వెంట బోలు పళ్ల యంత్రంతో నేలకు రంధ్రాలు వేయించాను. తుంగ ఉన్న రెండు చోట్లకు మాత్రం ఆ యంత్రాన్ని పోనివ్వలేదు, పళ్లు గడ్డలను పెకలించి మంచి పచ్చికలో వేస్తాయి. కోత యంత్రాన్ని కూడా తుంగ ఉన్న చోట చివరగా నడిపి, బయటికి తెచ్చాక కడగమన్నాను.

ఇంటివారు గడ్డిని నేలకు అంటేలా కోయిస్తున్నారు. దాని వల్ల వేళ్లు పైపైనే ఉండి, నీడ పడని నేల మీద కలుపు గింజలు మొలిచాయి. కోత ఎత్తును 3 నుంచి 4 సెంటీమీటర్లకు పెంచి, ఒక్కో కోతలో ఆకు పొడవులో మూడో వంతు కంటే ఎక్కువ తీయవద్దని చెప్పాను. రోజూ కొద్దికొద్దిగా నీళ్లు చల్లడం మాన్పించి, వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడిసేలా, వాన కూడా కలుపుకుని మొత్తం 25 మిల్లీమీటర్ల దాకా నీరు అందేలా మార్పించాను. గరిక చురుగ్గా పెరిగే కాలంలో చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని, యూరియాగా అయితే సుమారు 11 గ్రాములు, చల్లి వెంటనే నీళ్లు పెట్టించాను. ఆకు మీద యూరియా ఉండిపోతే మాడుతుంది. గోడ నీడలో ఇవన్నీ చేసినా గరిక పలచగానే ఉంది, గరికకు ఎండ తప్పనిసరి. ఆ పట్టీలో గరిక కోసం ఇంకా ఖర్చు పెట్టవద్దని, నీడను ఓర్చుకునే నేల కప్పు మొక్కలు వేయమని సలహా ఇచ్చాను, వారు ఒప్పుకున్నారు.

కలుపు గింజలను మొలకెత్తకుండా ఆపే పెండిమిథాలిన్ వాడమని కూడా అడిగారు. దిమ్మలు పెట్టిన చోట కొత్త వేరు దిగడాన్ని కూడా అది అడ్డుకుంటుంది కాబట్టి ఆ ఏడాది వద్దన్నాను. పాత పచ్చికలో, వేరు నిలదొక్కుకున్నాక, తిప్పరాగి గింజలు మొలిచే కాలానికి ముందు వాడవచ్చు. తుంగగడ్డల మీద దాని ప్రభావం ఉండదు.

ప్రస్తుత స్థితి

తర్వాతి వర్షాకాలానికి గోడ వార తప్ప మిగతా అంతటా గరిక కమ్ముకుంది. గడ్డిచామంతి మళ్లీ రాలేదు. తిప్పరాగి నడక దారి అంచున కొద్దిగా మొలిచింది, లేతగా ఉన్నప్పుడే తీశారు. పులిచింత నేలలో మిగిలిన గింజల నుంచి ఇంకా మొలుస్తోంది, అయితే పువ్వు దశ దాటనివ్వడం లేదు. తుంగ పైపు మూలలో పోయింది. మట్టి పోసిన పట్టీలో మాత్రం చెదురుమదురుగా లేస్తోంది. గడ్డలు నేలలో మూడు నాలుగేళ్లు బతికి ఉండగలవు కాబట్టి ఆ పట్టీని పాత పురికొస గడుల ప్రకారమే నెలకోసారి చూసి, మొలక లేచిన గడిని గుర్తుపెట్టమని చెప్పాను. అక్కడ మొక్కలు పలచగా ఉన్నంత కాలం చేత్తోనే తీస్తారు. ఒక గడిలో మళ్లీ చిక్కబడితే ఆ గడికి మాత్రమే మందు కొడతాను.